మామ పేరు పక్కన మూడక్షరాలు

2022 దసరా పోయిన మూడో రోజు మామ మా దుకాణానికి వచ్చాడు. నాది ధర్మాబాద్‌లో మోటార్ వైండింగ్ దుకాణం. ఎప్పుడొచ్చినా కాలిపోయిన మోటార్ ఒకటి ఆటోలో వేసుకొని తిట్టుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు ఉత్త చేతులతో వచ్చాడు. చాయ్ తెప్పిస్తే సాసర్‌లో పోసుకొని నిదానంగా తాగాడు. "మీ చేను పక్కది నువ్వే తీసుకోరాదురా. బయటోళ్ళకు ఇయ్యబుద్ధి అయితలేదు" అన్నాడు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చెయ్యాలని నాందేడ్ డాక్టర్ చెప్పాడట.

మామ అంటే సొంత మేనమామ కాదు, ఊరి వరస. మా ఇళ్ళల్లో తెలుగు, బడిలో మరాఠీ, పొలం కాగితాల్లో మరాఠీ, తాతల నాటి పెట్టె తెరిస్తే ఉర్దూ. 1948 దాకా నిజాం రాజ్యం, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, ఆ తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. మనుషులూ కదల్లేదు, చేన్లూ కదల్లేదు. కాగితం మీది భాషే మారింది.

మామ చేను నాకు కొత్తది కాదు. చిన్నప్పటి నుంచీ ఆయనే దున్నుతున్నాడు, ఆయనే కోస్తున్నాడు. సోయా అయినా కంది అయినా ఆయన పేరు మీదే బజారుకు పోతుంది. ఆ భూమి ఎవరిది అని ఊళ్ళో ఎవర్ని అడిగినా ఆయన పేరే చెప్తారు. అందుకే నేను ఏమీ అడక్కుండా, మాట కోసమని పదిహేను వేలు చేతిలో పెట్టాను. రాత లేదు, సాక్షి లేడు. చాయ్ పోసిన పిల్లవాడు ఉన్నాడంటే ఉన్నాడు.

మర్నాడు ఇద్దరం చేనుకు పోయి తాడుతో కొలిచాం. రెండెకరాల ఎనిమిది గుంటలు వచ్చింది. "సాత్‌బారాల రెండెకరాల పది గుంటలున్నది" అన్నాడు మామ. సాత్‌బారా అంటే మా దగ్గర పొలం లెక్కల సర్కారు కాగితం. "లేని రెండు గుంటలకు పైసలు ఎట్లిస్త మామా" అన్నాను నేను, గట్టిగానే. ఆ రెండు గుంటల సంగతి తర్వాత చెప్తాను. అప్పుడు నా గొంతు ఎంత గట్టిగా లేచిందో మాత్రం గుర్తు పెట్టుకోండి.

దీపావళి లోపు రెండు లక్షలు కావాలన్నాడు మామ. ఇసార్ పావతి, అంటే మన సంచకారం కాగితం, రాసుకుందాం అన్నాను. దానికి గట్ నంబర్ కావాలి కదా అని ఆ రాత్రి ఫోన్‌లోనే మహారాష్ట్ర భూమి రికార్డుల సైట్ మహాభూమి తెరిచి పదిహేను రూపాయలు కట్టి, డిజిటల్ సంతకం ఉన్న సాత్‌బారా దింపుకున్నాను. మా నాన్న బతికినన్నాళ్ళూ మరాఠీ గట్టూ, మన పొలం గట్టూ ఒకటే అనుకున్నాడు పాపం. గట్ నంబర్ అంటే గట్టు నంబర్ అనే ఆయన లెక్క. భూముల ఏకీకరణ చేసినప్పుడు పాత సర్వే నంబర్ల స్థానంలో ఇచ్చిన నంబర్ అది.

సాత్‌బారా అంటే గ్రామ లెక్కల్లో ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిపిన కాగితం. పైన ఏడు: భూమి ఎవరి పేరున, ఎంత, ఏ రకం. కింద పన్నెండు: ఏ ఏడు ఏ పంట. ఎడమ పక్క ఖాతేదార్ పేరు, కుడి పక్క 'ఇతర్ అధికార్' అనే గడి. మనవాళ్ళు ఎడమ గడిలో పేరు చూసి కాగితం మడిచేస్తారు. నేనూ అంతే చేసేవాణ్ణి. విస్తీర్ణం 0 హెక్టార్ 91 ఆర్, అంటే రెండెకరాల పది గుంటలు. భూధారణ పద్ధతి భోగవటాదార్ వర్గ్-1, అంటే అమ్మడానికి కలెక్టర్ అనుమతి అక్కర్లేనిది. వర్గ్-2 అయితే అదంతా వేరే కథ. పేరు మామదే. ఇంకేం కావాలి?

మా ఆవిడ మరాఠీ మీడియంలో టీచర్. భుజం మీద నుంచి తొంగి చూసి, "పేరు పక్కన ఈ ఏ.కు.మే. ఏంటి?" అంది. ఇంటిపేరు పొట్టిగా రాశారేమో అన్నాను. వాళ్ళ ఇంటిపేరు అది కాదు కదా అంది. నిజమే.

మర్నాడు బిలోలిలో మాకు తెలిసిన వకీల్ మేడంకు ఫొటో పంపితే, రెండు నిమిషాల్లో ఫోన్ చేశారు. "పైసలు ఇచ్చేశారా?" అన్నది మొదటి మాట. పదిహేను వేలు అన్నాను. "అక్కడే ఆగండి" అన్నది రెండో మాట.

ఏ.కు.మే. అంటే ఏకత్ర కుటుంబ మేనేజర్. ఉమ్మడి కుటుంబం తరఫున పెద్దవాడి పేరు ఒక్కటే రాసి, పక్కన ఆ మూడక్షరాలు పెట్టడం పాత పద్ధతి. మిగతావాళ్ళ పేర్లు కాగితం మీద ఉండవు గాని హక్కు ఉంటుంది. అంటే మామ యజమాని కాదు, యజమానుల్లో ఒకడు. ఆ మూడక్షరాల వెనక ఎంతమంది ఉన్నారో సాత్‌బారా చెప్పదు. ఫేర్‌ఫార్ చెప్తుంది.

ఫేర్‌ఫార్ అంటే మన మ్యుటేషన్. సాత్‌బారాలో పేరు మారినప్పుడల్లా ఆరో నమూనా రిజిస్టర్‌లో ఒక నంబర్ పడుతుంది, ఎందుకు మారిందో నాలుగు వాక్యాలు రాస్తారు. సాత్‌బారాలో 'జునే ఫేర్‌ఫార్' అని చిన్న అక్షరాలతో వరసగా ఉండేవి ఆ నంబర్లే. మేడం చెప్పింది ఒక్కటే: అందులో ఉన్న ప్రతి నంబర్ నకలూ తెప్పించండి, ఒక్కటి కూడా వదలొద్దు. మామ కాగితంలో మూడు నంబర్లున్నాయి. కొత్తది ఆన్‌లైన్‌లోనే దొరికింది. అది సొసైటీ పంట రుణం బోజా, అంటే భూమి మీది అప్పు, ఎక్కించినది. పాతవి రెండింటికీ ఊరి భూమి లెక్కలు రాసే తలాఠీ దగ్గరికీ (ఇప్పుడు గ్రామ మహసూల్ అధికారి అంటున్నారు), అక్కణ్ణించి తహసీల్ రికార్డ్ రూమ్‌కూ దరఖాస్తు పెట్టాను. నవంబర్ నెలాఖరుకు రెండూ చేతికొచ్చాయి.

1987 నాటి ఫేర్‌ఫార్ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీలి సిరా, వంకర మరాఠీ. సారాంశం ఇది: ఖాతేదార్ చనిపోయాడు. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. కూతుళ్ళు పెళ్ళయి అత్తారిళ్ళలో సుఖంగా ఉన్నారు, వారికి అభ్యంతరం లేదు. కాబట్టి పెద్ద కొడుకు పేరు ఏ.కు.మే.గా నమోదు. కింద సంతకాలు ఉన్నాయి. కూతుళ్ళవి లేవు. 'సుఖంగా ఉన్నారు' అన్న మాట ఒక ప్రభుత్వ రిజిస్టర్‌లో అలా రాసి ఉండటం చూసి నాకు నవ్వొచ్చింది. మా ఆవిడకు రాలేదు.

మూడో నంబర్ దీనికన్నా పాతది, సర్వే నంబర్ గట్ నంబర్‌గా మారినది. మేడం అక్కడా ఆగలేదు. "తాతకు ఈ భూమి ఎలా వచ్చింది? కొన్నాడా, ఇనామా?" అన్నారు. మరాఠ్వాడాలో నిజాం కాలంలో దేవస్థానాలకూ, సేవ చేసినవాళ్ళకూ ఇచ్చిన ఇనాం భూములు ఉంటాయి. ఖిద్మత్‌మాష్ అనీ, మదద్‌మాష్ అనీ రకరకాలు. అలాంటివైతే అమ్మకంలో చిక్కులు రావచ్చు. ఇంకొకటి, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు ఎవరైనా ఉన్నాడేమో చూడాలి. ఈ రెండూ తెలియాలంటే 1954-55 ఖాస్రా పత్రక్ కావాలి, అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన పాత లెక్క.

ఆ నకలు వచ్చాక చూస్తే అంతా ఉర్దూ. మా ఊళ్ళో ఉర్దూ చదివేవాళ్ళు ఇద్దరు ముగ్గురే మిగిలారు. రిటైరైన ఒక ఉర్దూ మాస్టారి దగ్గరికి పోయాను. ఆయనకు కళ్ళు సరిగా కనబడవు. కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకొని, గీత గీతకూ వేలు జరుపుతూ చదివాడు. సర్వే నంబర్. పట్టాదార్: మామ తాత పేరు. సాగు చేసేవాడు: ఖుద్. "ఖుద్ అంటే స్వయంగా. కౌలుదార్ ఖానా ఖాళీగా ఉంది బేటా" అన్నాడు. ఇనాం అన్న మాట ఎక్కడా లేదు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. ఫ్యాన్ చప్పుడు చేస్తోంది, చూడు అన్నాడు. బేరింగ్ మార్చి ఇచ్చాను.

సబ్ రిజిస్ట్రార్ దగ్గర ముప్పై ఏళ్ళ సర్చ్ మేడమే చేయించారు. రిజిస్టరైన కాగితాల పట్టిక ఇండెక్స్-2లో ఆ గట్ మీద అమ్మకం, తనఖా ఏదీ రాలేదు. ఇ-కోర్ట్స్ సైట్‌లో ఆ కుటుంబం పేర్లతో వెతికినా కేసు లేదు. ఆదివాసీ భూమి కాదు. అదైతే 1966 భూ రెవెన్యూ కోడ్ సెక్షన్ 36, 36-ఎ అడ్డొస్తాయి, మన కిన్వట్ వైపు వాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది అదే. మొత్తం గట్ ఒకేసారి కొంటున్నాను కాబట్టి ముక్కలు చేసి అమ్మకూడదనే 1947 చట్టం గొడవ లేదు. కొనేవాడు రైతై ఉండాలి, మా నాన్న నుంచి వచ్చిన చేను సాత్‌బారా నా దగ్గర ఉంది. ఇవన్నీ సాఫీగానే జరిగాయి. సర్చ్ రిపోర్ట్ చేతికొచ్చిన రోజు మామ సంబరపడి, "ఇగ అయిపాయె కదా, దీంట్ల ఏం దొరకలే" అన్నాడు.

దొరకదు. చెల్లెకు వాటా ఉందని సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో ఎవరు రాస్తారు? అమ్మిన కాగితాలే అక్కడ ఉంటాయి గాని, అడగని హక్కులు ఉండవు.

మామకు ఒక అక్క, ఒక చెల్లె, ఒక తమ్ముడు. నాకు వరసకు పెద్దమ్మ, చిన్నమ్మ, చిన్నమామ. చిన్నమ్మ బిలోలి దగ్గర. చిన్నమామ భివండీలో మగ్గాల మీద పనిచేస్తూ 2014లో పోయాడు. అక్కడే తెలుగువాళ్ళ మధ్య ఆయన భార్య, కొడుకు ఉంటున్నారు. ఆయన పేరే రికార్డుల్లో ఎక్కలేదు కాబట్టి ఆయన చావు కూడా ఎక్కలేదు. పెద్దమ్మ నిజామాబాద్‌లో. మామకు ఆమెతో ఇరవై ఏళ్ళుగా రాకపోకలు లేవు. ఏదో పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర మాట పట్టింపు.

ఊళ్ళో ఒక ఏజెంట్ ఉచిత సలహా ఇచ్చాడు: "ఆడోళ్ళ పెండ్లిళ్ళయి యాభై ఏండ్లాయె. నోటరీ కాగితం మీద మామతోని రాయించుకో, సాల్తది." మేడం ముందు ఈ మాట అంటే ఆమె నవ్వలేదు కూడా. పెళ్ళైతే వాటా పోతుందని ఏ చట్టంలో ఉందో చూపించమన్నారు. 2005 సవరణ కన్నా ముందే, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చినప్పటి నుంచే, చనిపోయిన తండ్రి వాటాలో కూతురు కొడుకుతో పాటు వారసురాలు. మహారాష్ట్ర 1994లో సొంతంగా సవరణ తెచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదాను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు. 2004 డిసెంబర్ 20కి ముందు పంపకం జరిగి ఉంటే అది వేరు. మామ ఇంట్లో పంపకమే జరగలేదు. హక్కు వదులుకున్నామంటే రిజిస్టరైన హక్కసోడ్ పత్రం ఉండాలి, నోటి మాట చెల్లదు. "సాత్‌బారాలో పేరు ఉండటం, లేకపోవడం కాదు దాదా. అది పన్ను కట్టేది ఎవరో చెప్పే కాగితం. టైటిల్ వేరు" అన్నారు. ఈ ముక్క సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టబోయారు, నేనే వద్దన్నాను.

డిసెంబర్‌లో ఒక ఆదివారం మా ఆవిడతో కలిసి నిజామాబాద్ పోయాను. మామ రానన్నాడు. పెద్దమ్మకు డెబ్బై దాటాయి. ఎవరబ్బాయివి అని అడిగి, మా అమ్మ పేరు చెప్తే దగ్గరికి తీసుకుంది. అన్నం పెట్టింది. అన్నం తినేదాకా పొలం మాట ఎత్తలేదు నేను. ఎత్తాక ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మా ఆవిడ సంచీలోంచి ఆ 1987 నకలు తీసి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివి వినిపించింది. కూతుళ్ళు సుఖంగా ఉన్నారు అన్న దగ్గర పెద్దమ్మ ఆపింది. "ఎవలు చెప్పిన్రట?" అంది. ఆ ఏడు తన భర్త దుబాయ్ పోయి ఆరు నెలలు ఉత్తరం లేదట. ఇద్దరు పిల్లలతో బీడీలు చుట్టిందట. "నాయన దినాలకు పోయిన. పదకొండో దినం ఎల్లొచ్చిన. నన్నెవలు అడగలే కొడుకా. అడుగుతె ఇచ్చేసేదాన్నే."

ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుంది పెద్దమ్మా అన్నాను. హక్కసోడ్ రాసిస్తే తొందరగా అవుతుంది, నీ వాటా డబ్బు నీకు వేరేగా ఇప్పిస్తాను అన్నాను. ఆమె తలకాయ అడ్డంగా ఊపింది. "పైసలు ఎన్నొస్తె అన్నొచ్చినయ్. ముందుగాల నా పేరు ఎక్కియ్యున్రి. ఎక్కినంక నేనే సంతకం పెడ్త."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు చిరాకేసింది. ఎలాగూ అమ్మేదానికి మధ్యలో పేరెందుకు, ఇంకో మూడు నెలలు పోతాయి. రైల్లో వస్తూ ఇదే సణిగితే మా ఆవిడ బాసర స్టేషన్ దాకా మాట్లాడలేదు. "మీ చెల్లెలు పేరు మీ సాత్‌బారాలో ఉందా?" అని అప్పుడడిగింది. లేదు. అది వేరే సంగతి, ఇక్కడ అనవసరం. అంటే అనవసరం కాదు, ఆ పని ఈ ఏడు మొదలుపెట్టాను.

మేడం మాత్రం పెద్దమ్మ మాటే మంచిది అన్నారు. అందరి పేర్లూ ఎక్కాక అందరూ అమ్మకందారులుగా సంతకం పెడితే, రేపు ఎవరూ వేలు పెట్టే సందు ఉండదు. అలా మామ, పెద్దమ్మ, చిన్నమ్మ, భివండీ అత్త అందరూ అఫిడవిట్లు ఇచ్చి, డెత్ సర్టిఫికెట్లు జతచేసి, ఏ.కు.మే. తీసేసి వారసులందరినీ నమోదు చేయమని దరఖాస్తు పెట్టారు. పదిహేను రోజుల నోటీసు, అభ్యంతరాలు లేకపోతే మండల అధికారి ధృవీకరణ. ఇప్పుడైతే 2025లో ప్రభుత్వమే 'జీవంత్ సాత్‌బారా' అని మొదలుపెట్టి, చనిపోయినవాళ్ళ పేర్లు తీసి వారసులను ఎక్కించింది. అప్పుడు మేమే తిరిగాం.

పెద్దమ్మ పేరు దగ్గర ఒక పెద్ద తిప్పలు వచ్చింది. మహారాష్ట్ర రికార్డులో మనిషి పేరు, మధ్యలో తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. ఆమె తెలంగాణ ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అదీ అత్తారిది. పైగా అత్తారింట్లో పిలుపు పేరే మార్చేశారట, ఆ ఇంట్లో అదే పేరుతో ఆడబిడ్డ ఉందని. 1987 కాగితంలో ఒక మనిషి, ఆధార్‌లో ఇంకో మనిషి. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, ఊరి పోలీస్ పాటిల్ ఇచ్చిన ధృవపత్రం, చిన్నమ్మ సాక్ష్యం, ఇవన్నీ చేరిస్తే గాని పని కాలేదు. సరిహద్దు దాటి పెళ్ళి చేసిన ఆడపిల్లలున్న ఇంటి భూమి కొనేవాళ్ళు ఈ పేర్ల సంగతి మొదటి వారంలోనే చూసుకోండి. మాకు నెల పట్టింది.

2023 ఫిబ్రవరిలో కొత్త సాత్‌బారా వచ్చింది. ఒక పేరు ఉన్న చోట ఐదు పేర్లు. నేను ఒక ప్రింట్ తీసి పెద్దమ్మకు పోస్టులో పంపాను. మళ్ళీ వాళ్ళింటికి పోయినప్పుడు చూస్తే, లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

ఆ ఐదో పేరు పక్కన మళ్ళీ మూడక్షరాలు: అ.పా.క. అంటే మైనర్, తరఫున పాలనకర్త తల్లి. చిన్నమామ కొడుకు, వరసకు నా బామ్మర్ది. వాడికి పద్దెనిమిది నిండటానికి ఇంకా మూడు నెలలుంది. తల్లి సంతకం పెడితే సరిపోదా అన్నాను. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8 ప్రకారం మైనర్ స్థిరాస్తి అమ్మాలంటే తల్లయినా తండ్రయినా కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకపోతే వాడు మేజర్ అయ్యాక మూడేళ్ళ లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోర్టుకు పోవచ్చు. ఉమ్మడి ఆస్తిలో విడదీయని వాటాకు ఈ సెక్షన్ వర్తించదనే వాదన కూడా ఉందని మేడమే చెప్పారు. "ఆ వాదన గెలిచినా గెలుస్తాం. మీరు కొనేది చేనా, కేసా?" అన్నారు. మూడు నెలలు ఆగాం. మే నెలలో పుట్టినరోజు అయ్యాక అ.పా.క. తీయించడానికి ఇంకో ఫేర్‌ఫార్.

ఈ ఆగిన కాలంలో మామ మోకాళ్ళ నొప్పితో సతమతమయ్యాడు, నేను టెన్షన్‌తో. పదిహేను వేలకు తోడు ఆపరేషన్‌కని ఇంకొంచెం బ్యాంకు ద్వారా ఇచ్చి, ఈసారి ఇసార్ పావతి అందరి సంతకాలతో రాసుకున్నాం. భూమి బేరంలో అడ్వాన్స్ 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, అది గుర్తుంచుకోవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని మరాఠీ పేపర్లో జాహీర్ నోటీస్ వేయించాం. ఎవరూ రాలేదు, సొసైటీ సెక్రటరీ తప్ప. పంట రుణం తీర్చి బాకీ లేదనే బేబాకీ కాగితం తెచ్చుకుంటే ఆ బోజా కూడా పోయింది.

ఇక మోజణీ, అంటే సర్కారు కొలత. చేన్లు ఖాళీ అయ్యాక మార్చిలో సర్వేయర్ వచ్చాడు, అంతకు రెండు నెలల ముందు ఫీజు కడితే. చుట్టుపక్కల నలుగురికీ నోటీసులు ఇచ్చారు. అందులో ఒకటి నాకే, పక్క చేను వాణ్ణి కదా. కర్ర మీద యంత్రం పెట్టి బీప్ బీప్ మనిపిస్తూ పొద్దున ఎనిమిది నుంచి నడిచాడు. ఉత్తరం హద్దు సరే. తూర్పు కాలువ సరే. పడమర మా చేను వైపు వచ్చి, మా గట్టు దాటి, మా కంది మోళ్ళ మధ్యకు నాలుగడుగులు వేసి, అక్కడ సున్నం పోయించాడు.

ఇంకో చోట చూడండి సార్ అన్నాను. చూశాడు. అక్కడ ఐదడుగులు.

మామ ఊతకర్ర మీద ఆనుకొని నన్నే చూస్తున్నాడు. నేను మామను చూడలేదు. మా నాన్న ప్రతి ఏడూ గట్టును ఒక నాగలి చాలు చొప్పున జరిపి ఉండాలి, లేదా మా తాత. ఆ రెండు గుంటలు మా వైపే ఉన్నాయి. దసరా అప్పుడు లేని భూమికి పైసలు ఎట్లిస్తా అని గొంతు చించుకున్నవాణ్ణి, ఆ భూమిలో పండిన కందులు తిని పెరిగినవాణ్ణి. సర్వేయర్ క-ప్రత్ అనే కొలత పటంలో ఎర్ర గీత గీసి, "ఎవరి ఆక్రమణ అని రాయాలి?" అన్నాడు. "రాయకండి సార్, వాడే కొంటున్నడు" అన్నాడు మామ. ధర సాత్‌బారా విస్తీర్ణం మీదే లెక్కగట్టాం. రెండు గుంటలు కలిపే.

జూన్‌లో మిరుగు కార్తె పడిన వారం రిజిస్ట్రీ. పెద్దమ్మ తెల్లవారుజామున నిజామాబాద్‌లో రైలెక్కింది. భివండీ నుంచి అత్త, బామ్మర్ది ముందు రోజే వచ్చారు. మామ కొడుకులిద్దరినీ, బిడ్డనూ కూడా సమ్మతి ఇచ్చేవాళ్ళుగా మేడం రప్పించారు. సర్వర్ డౌన్ అని మూడు గంటలు వరండాలో కూర్చున్నాం. ఇరవై ఏళ్ళ తర్వాత కలిసిన అక్కాతమ్ముళ్ళు ఆ మూడు గంటలూ వేర్వేరు బెంచీల మీద కూర్చున్నారు. పెద్దమ్మ వేలిముద్ర యంత్రం పట్టలేదు. బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయాయి. ఐదోసారి వేలు తుడిచి, ఊది, నొక్కితే పట్టింది. నాలుగు వాటాల డబ్బు ఐదు ఖాతాల్లోకి నేరుగా వేశాను, తల్లీకొడుకుల వాటా వాళ్ళిద్దరికీ సగం సగం చేసి. బయటికి వచ్చాక మామ చాయ్ తెప్పించాడు. సాసర్‌లో పోసి, మొదటిది అక్కకిచ్చాడు. ఆమె తీసుకుంది.

రిజిస్ట్రీ అయితే ఫేర్‌ఫార్ దానంతట అదే ఆన్‌లైన్‌లో తలాఠీకి పోతుంది. నోటీసు, పదిహేను రోజులు, మండల అధికారి సంతకం. జులై చివర్లో నా పేరుతో సాత్‌బారా వచ్చింది. 'ప్రలంబిత్ ఫేర్‌ఫార్: నాహీ' అన్న గీత, అంటే పెండింగ్ మార్పులేవీ లేవని, రెండుసార్లు చదివాను.

ఆ కాగితం మామకు చూపిద్దామని పోయాను. ఆపరేషనై మంచం మీదున్నాడు. కళ్ళజోడు పెట్టుకొని, వేలు జరుపుకుంటూ వెతికాడు. కొత్త నమూనాలో పాత ఖాతేదార్ల పేర్లు తీసెయ్యరు, పేరు మీద అడ్డంగా ఒక గీత కొడతారు.

"నన్ను కొట్టేసిన్రా?" అన్నాడు.

"అందరినీ కొట్టేసిన్రు మామా, ఐదుగురినీ."

గీత కిందున్న పేర్లను ఒక్కొక్కటే చదివాడు. అక్క పేరు దగ్గర కాసేపు ఆగాడు. కాగితం మడిచి నా చేతికిచ్చి, ఇంటి బోరు మోటార్ రాత్రి నుంచి గుయ్యిమంటుంది గాని నీళ్ళు ఎత్తుతలేదు, పోయేటప్పుడు చూసి పో అన్నాడు.